చీటీలు వేరు, శరీరం ఒకటే: అండమాన్‌లో కుంగుబాటు మందుల చుట్టూ పట్టించుకోని ముప్పు

అండమాన్ నికోబార్ దీవుల మానసిక ఆరోగ్యం ప్రస్తావనకు వచ్చినప్పుడల్లా ముందుగా వినిపించేది ఒక అంకె. జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 నివేదిక ప్రకారం దేశంలో లక్ష జనాభాకు సగటున 12.4 ఆత్మహత్యలు నమోదు కాగా, ఈ కేంద్రపాలిత ప్రాంతంలో ఆ రేటు 42.8గా ఉంది. సిక్కిం తర్వాత దేశంలో ఇదే అత్యధికం. అంతకు ముందు ఏడాది 39.7తో ఈ దీవులే మొదటి స్థానంలో నిలిచాయి. 2011 జనగణన నాటికి ఇక్కడి జనాభా 3,80,581 మాత్రమే. ఇంత చిన్న జనాభాలో పదుల సంఖ్యలో తేడా వచ్చినా రేటు ఎగుడుదిగుడు అవుతుందన్న వాదనలో నిజం లేకపోలేదు. అయితే వరుస సంవత్సరాల్లో జాతీయ సగటుకు మూడు రెట్లు మించిన రేటును లెక్కల్లోని వక్రతగా కొట్టిపారేయడం సాధ్యం కాదు.

ఈ పరిస్థితికి ప్రభుత్వ వ్యవస్థ స్పందన చికిత్సను విస్తరించడం. 2022 అక్టోబరు 10న దేశవ్యాప్తంగా మొదలైన టెలీ మానస్ సేవ 14416 నంబరుపై తెలుగు సహా అనేక భాషల్లో రాత్రింబవళ్లు అందుబాటులో ఉంది. 2018 మే 29 నుంచి అమలులోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రభుత్వ వైద్యశాలల్లో మానసిక చికిత్స పొందడాన్ని హక్కుగా గుర్తించింది. కుంగుబాటుకు వాడే ఫ్లూఆక్సెటిన్, ఎస్సిటలోప్రామ్, అమిట్రిప్టిలిన్ వంటివి అత్యవసర ఔషధాల జాతీయ జాబితాలో ఉన్నాయి. 2015-16లో నిమ్హాన్స్ ఆధ్వర్యంలో పన్నెండు రాష్ట్రాల్లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే, సాధారణ మానసిక రుగ్మతలు ఉన్నవారిలో దాదాపు 85 శాతం మందికి చికిత్స అందడం లేదని తేల్చింది. ఆ దృష్ట్యా కుంగుబాటు మందులు వాడేవారి సంఖ్య పెరగడం ఆందోళన కలిగించే విషయం కాదు, ఆహ్వానించవలసిన విషయం.

ఆందోళన కలిగించవలసింది మరొకటి ఉంది. కుంగుబాటు మందు వేసుకునే వ్యక్తి అదే రోజు మరేయే మందులు వేసుకుంటున్నాడన్నది ఎవరికి తెలుసు? ప్రధాన భూభాగంలోనే దీనికి సంతృప్తికరమైన జవాబు లేదు. వందల కిలోమీటర్ల పొడవున పరచుకున్న దీవుల్లో ఆ ప్రశ్న మరింత పదునెక్కుతుంది.

మందుల మధ్య జరిగే పరస్పర చర్య ప్రాణాంతకం కాగలదన్న విషయం వైద్యలోకానికి కొత్త కాదు. 1984 మార్చి 4 రాత్రి న్యూయార్క్‌లోని ఒక పెద్ద ఆసుపత్రిలో జ్వరంతో, ఒళ్లు అదురుతున్న స్థితిలో చేరిన పద్దెనిమిదేళ్ల లిబ్బీ జియాన్ మరునాటి ఉదయానికి మరణించింది. ఆమె అప్పటికే ఫినెల్జిన్ అనే కుంగుబాటు మందు వాడుతోంది. ఆసుపత్రిలో ఆమెకు ఇచ్చిన మందుల్లో పెథిడిన్ ఇంజెక్షన్ ఒకటి. మరణకారణంపై న్యాయస్థానంలో సంవత్సరాల తరబడి వాదోపవాదాలు సాగాయి. అయినప్పటికీ ఈ రెండు మందులూ కలవరాదన్న పాఠం వైద్య విద్యార్థులకు ఆ కేసు ద్వారానే బలంగా నాటుకుంది. అమెరికాలో శిక్షణలోని వైద్యుల పనిగంటలపై పరిమితి రావడానికి కూడా అదే కారణమైంది. జూనియర్ వైద్యుల అలసట గురించి పత్రికలు రాసినంతగా ఆ రెండు మందుల గురించి రాయలేదన్నది వేరే సంగతి.

సెరటోనిన్ అన్నది నాడీకణాల మధ్య సందేశాలను చేరవేసే రసాయనం. నేడు విస్తారంగా వాడుతున్న సెర్ట్రాలిన్, ఎస్సిటలోప్రామ్, ఫ్లూఆక్సెటిన్, పారోక్సెటిన్ వంటి మందులు ఆ రసాయనాన్ని కణాలు తిరిగి పీల్చుకోకుండా అడ్డుకుంటాయి. ఫినెల్జిన్ తరగతి మందులు దానిని విచ్ఛిన్నం చేసే ఎంజైమును నిరోధిస్తాయి. ఒక మందు పని చేస్తున్నచోట రెండోది కూడా అదే దిశలో నెడితే సెరటోనిన్ మోతాదు మించిపోతుంది. దానినే సెరటోనిన్ సిండ్రోమ్ అంటారు. తీవ్రమైన చెమటలు, వణుకు, గాభరా, విరేచనాలు, కాళ్ల కండరాలు ఆగకుండా అదరడం, శరీర ఉష్ణోగ్రత అమాంతం పెరగడం దాని లక్షణాలు. చాలా సందర్భాల్లో కొత్త మందు మొదలుపెట్టిన లేదా మోతాదు పెంచిన 24 గంటల లోపే ఇవి కనిపిస్తాయి. తేలికపాటిగా ఉంటే మందు ఆపి పరిశీలనలో ఉంచితే తగ్గిపోతుంది. తీవ్రమైతే ఇంటెన్సివ్ కేర్ అవసరం. దీనికి విరుగుడుగా వాడే సిప్రోహెప్టడిన్ భారతదేశంలో తల్లిదండ్రులకు బాగా తెలిసిన మందే. పిల్లలకు ఆకలి పుట్టించే సిరప్పుగా దానిని సీసాలకు సీసాలు కొని తాగించడం ఇక్కడ రివాజు.

ఈ లక్షణాల జాబితాను అండమాన్‌లో ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చదివినా వైద్యుడికి ముందుగా తట్టేది సెరటోనిన్ కాదు. జ్వరం, చెమటలు, మతి తప్పడం అంటే ఇక్కడ మలేరియా, లెప్టోస్పైరోసిస్, డెంగీ, స్క్రబ్ టైఫస్ అనుమానించాలి. అది సహేతుకమే. ఈ దీవుల్లో అంతుచిక్కని జ్వరాలకు ఒక చరిత్ర ఉంది. అండమాన్ రక్తస్రావ జ్వరం అన్న పేరుతో కొన్నేళ్లపాటు ప్రజలను భయపెట్టిన వ్యాధి నిజానికి లెప్టోస్పైరోసిస్ అని 1990ల తొలి సంవత్సరాల్లో భారత వైద్య పరిశోధన మండలికి చెందిన ఇక్కడి ప్రాంతీయ కేంద్రం శాస్త్రవేత్తలు నిర్ధారించారు. జ్వరాన్ని జ్వరంగానే చూడడం అలవాటైన చోట, మందు తెచ్చిన జ్వరాన్ని పసిగట్టడానికి వైద్యుడి చేతిలో ఉండవలసిన ఏకైక ఆధారం రోగి వాడుతున్న మందుల పూర్తి జాబితా. అది లేనప్పుడు రక్తపరీక్షలు దానిని పట్టించలేవు. సెరటోనిన్ సిండ్రోమ్‌ను నిర్ధారించే ప్రయోగశాల పరీక్ష ఏదీ లేదు. రోగి కాళ్లను, కనుగుడ్ల కదలికను పరీక్షించి, మందుల చరిత్ర అడిగి మాత్రమే దానిని గుర్తిస్తారు.

ఇటీవలి ఒక మార్పు ఈ అంశానికి ప్రత్యేక ప్రాధాన్యం తెచ్చింది. మందులకు లొంగని క్షయకు బీపాల్మ్ అనే ఆరు నెలల చికిత్సా విధానాన్ని కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2024 సెప్టెంబరులో ఆమోదించింది. బీడాక్విలిన్, ప్రెటోమానిడ్, లినెజోలిడ్, మాక్సిఫ్లాక్సాసిన్ అన్న నాలుగు మందుల కలయిక అది. ఇరవై నెలల వరకు సాగే పాత చికిత్సతో పోలిస్తే రోగులకు ఇది నిస్సందేహంగా మేలు. నికోబార్ దీవులకు క్షయ పాత శత్రువు. కార్ నికోబార్‌లో ముమ్మర నియంత్రణ కార్యక్రమం జరిగిన పదిహేనేళ్ల తర్వాత కూడా వ్యాధి ప్రజారోగ్య సమస్యగానే మిగిలి ఉందని ప్రాంతీయ వైద్య పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు 2004లో వెల్లడించారు.

ఈ నాలుగు మందుల్లో లినెజోలిడ్ ప్రత్యేకంగా ప్రస్తావించదగినది. అది సూక్ష్మజీవులను చంపే మందే అయినా ఫినెల్జిన్ నిరోధించే ఎంజైమునే, కొంత బలహీనంగా, నిరోధిస్తుంది. కుంగుబాటు మందులు వాడేవారికి దానిని ఇచ్చే ముందు జాగ్రత్త అవసరమని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2011లో హెచ్చరించింది. ఇందులో చరిత్ర చేసిన వింత కూడా ఒకటి ఉంది. 1952లో న్యూయార్క్ నగరంలో భాగమైన స్టాటెన్ ఐలండ్‌లోని సీ వ్యూ ఆసుపత్రిలో క్షయ రోగులకు ఇప్రోనియజిడ్ అనే కొత్త మందు ఇచ్చినప్పుడు, ఊపిరితిత్తుల సంగతి అటుంచి, మంచం దిగని రోగులు హుషారుగా తిరగడం మొదలుపెట్టారు. అలా ఒక క్షయ మందు నుంచే ఆధునిక కుంగుబాటు మందుల చరిత్ర ఆరంభమైంది. కాలేయానికి హాని చేస్తున్నదని తేలడంతో దానిని 1961లో అమెరికా మార్కెట్టు నుంచి ఉపసంహరించారు. డెబ్బై ఏళ్ల తర్వాత అదే గుణం మరో క్షయ మందు వెంట తిరిగి వచ్చింది. ఈసారి దానిని ఎవరూ కోరుకోలేదు.

ముప్పు ఎంత అన్న ప్రశ్నకు అతిశయోక్తి లేకుండా జవాబు చెప్పాలి. కెనడాలోని ఒంటారియోలో లినెజోలిడ్ వాడిన 1,134 మంది వృద్ధుల రికార్డులను పరిశీలించి 2022లో ప్రచురించిన అధ్యయనంలో సెరటోనిన్ సిండ్రోమ్ అర శాతం కంటే తక్కువ మందిలోనే కనిపించింది. కుంగుబాటు మందులు కూడా వాడుతున్నవారిలో అది చెప్పుకోదగినంత ఎక్కువేమీ కాదు. అందువల్ల ఈ రెండూ ఎప్పుడూ కలవకూడదని శాసించడం సరికాదు. అయితే ఆ వృద్ధులు లినెజోలిడ్ వాడింది మామూలు ఇన్ఫెక్షన్లకు, కొద్ది రోజులపాటు. క్షయ రోగి వాడేది నెలల తరబడి. పైగా బీడాక్విలిన్, మాక్సిఫ్లాక్సాసిన్ రెండూ గుండె విద్యుత్ లయలో క్యూటీ అనే వ్యవధిని సాగదీస్తాయి. ఎస్సిటలోప్రామ్‌కూ అదే గుణం ఉంది. మూడూ కలిస్తే ఈసీజీ తీసి చూడకుండా ముందుకు వెళ్లరాదు. క్షయ రోగుల్లో కుంగుబాటు సర్వసాధారణమైనందున ఈ కలయిక పుస్తకాల్లో మాత్రమే ఉండే ఊహ కాదు. క్షయ విభాగానికి కుంగుబాటు మందు సంగతి, మానసిక వైద్యుడికి లినెజోలిడ్ సంగతి తెలిసి ఉంటే ఇద్దరూ కలిసి సురక్షితమైన దారి చూడగలరు. ఒకరికి తెలియకపోయినా రోగి ఒంటరి.

క్షయ వంటి పెద్ద వ్యాధుల దాకా పోనవసరం లేదు. మోకాళ్ల నొప్పి, నడుము నొప్పి, శస్త్రచికిత్స తర్వాత నొప్పి అంటే రాసే ట్రమడాల్ ఇంతకంటె ఎక్కువ ఇళ్లలో ఉంటుంది. పారాసిటమాల్‌తో కలిపి ఒకే మాత్రగా కూడా వస్తుంది. ట్రమడాల్ నొప్పిని తగ్గించడమే కాక సెరటోనిన్‌నూ పెంచుతుంది, మూర్ఛ వచ్చే అవకాశాన్నీ పెంచుతుంది. ఇక్కడ ఇంకొక మెలిక ఉంది. ట్రమడాల్ పూర్తిగా పని చేయాలంటే కాలేయంలోని సిప్ 2డీ6 అనే ఎంజైము దానిని మార్చాలి. ఫ్లూఆక్సెటిన్, పారోక్సెటిన్ ఆ ఎంజైమునే కట్టిపడేస్తాయి. ఫలితంగా రోగికి నొప్పి తగ్గదు. నొప్పి తగ్గలేదని మరో మాత్ర వేసుకుంటాడు. ఉపశమనం పెరగకుండా ప్రమాదం మాత్రం పెరుగుతుంది. రోజంతా పడవ మీద, జెట్టీ మీద, నిర్మాణ స్థలాల్లో బరువులు మోసే శ్రామికులకు నొప్పి మాత్రలు నిత్యావసరం వంటివి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటివాటితోనూ ఇబ్బంది ఉంది. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు సెరటోనిన్‌ను నిల్వ చేసుకుని వాడుకుంటాయి. కుంగుబాటు మందు ఆ నిల్వను తగ్గిస్తుంది, నొప్పి మాత్ర జీర్ణాశయపు పొరను దెబ్బ తీస్తుంది. రెండూ కలిసినప్పుడు కడుపులో రక్తస్రావం ముప్పు ఒక్కొక్కటిగా వాడినప్పటికంటె పెరుగుతుంది.

అదే ఎంజైముకు మలేరియాతోనూ సంబంధం ఉంది. వైవాక్స్ మలేరియా క్రిములు కాలేయంలో నిద్రావస్థలో దాగి, నెలల తర్వాత మళ్లీ జ్వరం తెస్తాయి. వాటిని తుడిచివేయడానికి జాతీయ కార్యక్రమం పద్నాలుగు రోజులపాటు ప్రైమాక్విన్ ఇస్తుంది. ఆ మందును క్రియాశీలం చేసేది సిప్ 2డీ6. పుట్టుకతో ఆ ఎంజైము బలహీనంగా ఉన్నవారిలో ప్రైమాక్విన్ విఫలమై జ్వరం తిరగబెట్టడాన్ని 2013లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వెలువడిన పరిశీలన బయటపెట్టింది. ఫ్లూఆక్సెటిన్ వంటి మందు అదే బలహీనతను తాత్కాలికంగా సృష్టించగలదు. కుంగుబాటు మందు వాడే రోగుల్లో ఇది ఎంతమేరకు జరుగుతోందన్నదానికి ఆధారాలు ఇంకా పలుచగానే ఉన్నాయి. మలేరియా మళ్లీ మళ్లీ వచ్చే నికోబార్ వంటి చోట ఆ ఆధారాలు సేకరించడానికి అనుకూలత మిగతా దేశంకంటె ఎక్కువ. పరిశోధన కేంద్రం కూడా ఇక్కడే ఉంది.

వృద్ధుల విషయంలో ప్రమాదం మరింత నిశ్శబ్దంగా వస్తుంది. రక్తపోటుకు టెల్మిసార్టాన్‌తో హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర వాడే డెబ్బై ఏళ్ల మనిషికి, నిద్ర లేదు, దిగులుగా ఉందని సెర్ట్రాలిన్ మొదలుపెట్టారనుకుందాం. రెండు మందులూ రక్తంలో సోడియంను తగ్గించేవే. రెండు మూడు వారాల్లో ఆయన మందకొడిగా మారవచ్చు, మాట తడబడవచ్చు, తూలి పడిపోవచ్చు. ఇంట్లోవారు వయసు మీద పడిందనుకుంటారు. కుంగుబాటు ముదిరిందనుకుని మోతాదు పెంచమని అడిగినా ఆశ్చర్యం లేదు. సోడియం పరీక్ష ఒకటి చేస్తే అసలు విషయం తేలిపోతుంది. ఈ పరీక్ష ఖరీదైనదీ కాదు, అరుదైనదీ కాదు. గుండెకు వాడే మెటోప్రొలాల్ కూడా ఇటువంటిదే. పారోక్సెటిన్ తోడైతే రక్తంలో దాని పరిమాణం పెరిగి నాడి మరీ నెమ్మదించవచ్చు. దగ్గు సిరప్పుల్లో ఉండే డెక్స్ట్రోమెథార్ఫాన్, వాంతులకు ఇచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్, మైగ్రేన్‌కు సుమాట్రిప్టాన్, నరాల తిమ్మిరికి ఫిజీషియన్ రాసే అమిట్రిప్టిలిన్, ఇవన్నీ కూడా ఈ జాబితాలోనివే. అమిట్రిప్టిలిన్ స్వయంగా కుంగుబాటు మందని దానిని నరాల మందుగా వాడుతున్న చాలామందికి తెలియదు.

దీవుల భూగోళం ఈ చిక్కును ఎలా పెంచుతుందో చూడాలి. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లోని గోవింద్ వల్లభ్ పంత్ ఆసుపత్రి ఇక్కడి ప్రధాన వైద్యశాల. 2015లో ఆరంభమైన అండమాన్ నికోబార్ వైద్య విజ్ఞాన సంస్థకు అదే బోధనాసుపత్రి. దక్షిణాన గ్రేట్ నికోబార్‌లోని క్యాంప్‌బెల్ బే ఇక్కడి నుంచి 500 కిలోమీటర్లకు పైగా దూరం. అంతకు మించిన వైద్యం కావాలంటే చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం వెళ్లాలి. చెన్నై, విశాఖ రెండూ సుమారు 1,200 కిలోమీటర్ల దూరం, ఓడలో రెండు మూడు రోజుల ప్రయాణం. 2011 జనగణనలో తెలుగును మాతృభాషగా నమోదు చేసుకున్నవారు ఇక్కడి జనాభాలో 13 శాతం, అంటే దాదాపు యాభై వేలమంది. వారిలో చాలామంది మూలాలు శ్రీకాకుళం, విశాఖ తీరప్రాంతాల్లో ఉన్నాయి. పెళ్లికో పండుగకో ఊరు వెళ్లినప్పుడు అక్కడి వైద్యుడికి చూపించుకుని మూడు నెలల మందులు సంచిలో వేసుకుని ఓడ ఎక్కడం వారికి సహజం. కింగ్ జార్జ్ ఆసుపత్రిలో గుండెకు రాసిన చీటీ, చినవాల్తేరు మానసిక వైద్యశాలలో రాసిన చీటీ, శ్రీ విజయపురంలో జ్వరానికి రాసిన చీటీ ఏ బల్ల మీదా ఒకచోట పరచి చూసే అవకాశం రాదు.

సముద్రం అల్లకల్లోలంగా ఉన్న రోజుల్లో ఇంకో సమస్య తోడవుతుంది. ఓడలు ఆలస్యమైతే ప్రధాన భూభాగం నుంచి తెచ్చుకున్న మందు అయిపోతుంది. కుంగుబాటు మందును, ప్రత్యేకించి పారోక్సెటిన్, వెన్లాఫాక్సిన్ వంటివాటిని, హఠాత్తుగా ఆపితే తల తిరగడం, షాక్ కొట్టినట్టు అనిపించడం, తీవ్రమైన చిరాకు వంటివి వస్తాయి. ఒక మందు దొరకక మరొకటి ఇచ్చేటప్పుడు కూడా లెక్క అవసరం. ఫ్లూఆక్సెటిన్ ఆపిన తర్వాత దాని ప్రభావం శరీరంలో వారాలపాటు ఉంటుంది. ఫినెల్జిన్ తరగతి మందు మొదలుపెట్టాలంటే అయిదు వారాలు ఆగాలన్నది నియమం. మందు ఆపేశానని రోగి చెప్పే మాట అక్షరాలా నిజమే అయినా, అతని రక్తానికి సంబంధించి అది ఇంకా నిజం కాకపోవచ్చు.

చట్టం ఇక్కడ ఎంతవరకు అక్కరకు వస్తుంది? కుంగుబాటు మందులు షెడ్యూల్ హెచ్ కిందికి వస్తాయి, అంటే వైద్యుడి చీటీ లేకుండా అమ్మరాదు. ట్రమడాల్, క్షయ మందులు, ఆల్‌ప్రజోలామ్ వంటివి 2014 మార్చి నుంచి అమలైన షెడ్యూల్ హెచ్1లో ఉన్నాయి. వాటిని అమ్మే దుకాణదారు వైద్యుడి పేరు, రోగి పేరు, మందు పరిమాణం ప్రత్యేక రిజిస్టరులో రాసి మూడేళ్లు భద్రపరచాలి. ట్రమడాల్‌ను 2018లో మాదకద్రవ్యాల చట్టం పరిధిలోకి కూడా తెచ్చారు. ఈ నిబంధనలన్నీ దుర్వినియోగాన్ని దృష్టిలో పెట్టుకుని రూపొందినవి. రిజిస్టరులో ట్రమడాల్ కనిపిస్తుంది, దాని పక్కన సెర్ట్రాలిన్ కనిపించదు. ఒక్కొక్క మందుకు కాపలా ఉంది, రెండు మందుల మధ్య ఖాళీకి లేదు. 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలు రోగికి మందుల గురించి వివరించే బాధ్యతను ఫార్మసిస్టుపై ఉంచాయి. రద్దీగా ఉండే మందుల షాపులో, ఫార్మసిస్టు స్థానంలో సహాయకుడు నిలబడి ఉన్నచోట, ఆ బాధ్యత కాగితం దాటి బయటకు రావడం కష్టం.

సాంకేతిక పరిష్కారం సిద్ధంగా ఉన్నట్టే కనిపిస్తుంది. పౌరులందరికీ డిజిటల్ ఆరోగ్య రికార్డు కల్పించే జాతీయ డిజిటల్ ఆరోగ్య పథకాన్ని 2020 ఆగస్టు 15న ప్రయోగాత్మకంగా ఆరంభించిన ఆరు కేంద్రపాలిత ప్రాంతాల్లో అండమాన్ నికోబార్ ఒకటి. అదే నెల 10న చెన్నై నుంచి సముద్రగర్భ ఇంటర్నెట్ కేబుల్ ప్రారంభమైంది. అంటే విశాఖలో రాసిన చీటీని శ్రీ విజయపురంలో తెరమీద చూడడానికి కావలసిన తీగ, గుర్తింపు సంఖ్య రెండూ ఒకే నెలలో ఈ దీవులకు వచ్చాయి. అయితే రికార్డులో వైద్యుడు రాసినదే ఉంటుంది, రోగి చూపించడానికి సమ్మతించినదే కనిపిస్తుంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. మధుమేహం మాత్ర వాడుతున్నానని చెప్పడానికి ఎవరూ సంకోచించరు. మానసిక వైద్యుడు రాసిన మందు వాడుతున్నానని చెప్పడానికి సంకోచిస్తారు. అందరూ అందరికీ తెలిసిన చిన్న ఊళ్లలో ఈ సంకోచం సహజంగానే ఎక్కువ. మందుల షాపు యజమాని పక్కింటివాడు, ఆరోగ్య కేంద్రంలో నర్సు మేనత్త కూతురు అయినచోట రహస్యం నిలవదన్న భయం నిరాధారం కాదు. నిద్ర మాత్ర అనో బలం మాత్ర అనో చెప్పి దాటవేస్తారు. మానసిక ఆరోగ్య చట్టం రోగి వివరాలకు గోప్యత హామీ ఇచ్చింది. ఆ హామీ ఎంత ముఖ్యమైనదో, మందుల జాబితాలో కుంగుబాటు మందు కనిపించకపోవడం అంత ప్రమాదకరమైనది. ఈ రెండింటినీ కలిపి నడిపించే మార్గం, రోగ నిర్ధారణ వివరాలు దాచి ఉంచినా మందు పేరు మాత్రం చికిత్స చేసే వైద్యుడికి కనిపించేలా రోగి అనుమతి తీసుకోవడం. నిర్ధారణ చెప్పకుండా మందు చెప్పవచ్చన్న సంగతి రోగులకు వివరిస్తే చాలామంది అంగీకరిస్తారని ఆశించడం అత్యాశ కాదు. అమిట్రిప్టిలిన్ నరాల నొప్పికీ వాడతారు, డ్యులాక్సెటిన్ మధుమేహంతో వచ్చే పాదాల మంటకూ వాడతారు. మందు పేరు బయటపడినంత మాత్రాన మనిషి బయటపడడు.

డిజిటల్ రికార్డు పూర్తయ్యేదాకా ఆగవలసిన పని కూడా లేదు. ప్రధాన భూభాగం నుంచి తిరిగి వచ్చిన రోగి మొదటిసారి ఆరోగ్య కేంద్రానికి వచ్చినప్పుడు మందుల సంచి మొత్తం బల్లమీద గుమ్మరించి చూడడం, ఓపీ పుస్తకం మొదటి పేజీలో అన్ని మందుల రసాయన నామాలు పెద్ద అక్షరాల్లో రాయడం, కొత్త మందు రాసే ప్రతిసారీ ఆ పేజీ తిరగేయడం వంటివి ఖర్చు లేని పనులు. వైద్యులు జెనరిక్ పేర్లు స్పష్టంగా రాయాలన్న నియమం 2016 నుంచే ఉంది. బ్రాండు పేర్లు మాత్రమే రాసిన చీటీలో రెండు కంపెనీల ఒకే మందు రెండుసార్లు చేరినా గుర్తించడం కష్టం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో చేపట్టిన హానిరహిత ఔషధ చికిత్స కార్యక్రమం కూడా ఆసుపత్రి మారే సమయంలో మందుల జాబితా సరిచూడడాన్నే కీలక దశగా గుర్తించింది. దీవుల్లో ఆసుపత్రి మారడమంటే సముద్రం దాటడమే.

రోగుల వైపు నుంచి చూస్తే, ఇదంతా విని కుంగుబాటు మందును సొంతంగా మానేయడం అన్నింటికంటె పెద్ద పొరపాటు అవుతుంది. ఆత్మహత్యల రేటు 40 దాటిన చోట చికిత్స ఆగడంవల్ల కలిగే నష్టం మందుల కలయికవల్ల కలిగే నష్టంకంటె చాలా ఎక్కువ. కొత్త మందు మొదలుపెట్టిన ఒకటి రెండు రోజుల్లో వణుకు, విపరీతమైన చెమటలు, కాళ్లు బిగుసుకుని అదరడం, అయోమయం కనిపిస్తే అత్యవసర విభాగానికి వెళ్లి, అన్ని మందులూ చూపించాలి. మనసు బాగా లేనప్పుడు టెలీ మానస్ 14416కు తెలుగులో మాట్లాడవచ్చు.

మందువల్ల హాని జరిగిందని అనుమానం వస్తే ఫిర్యాదు చేయడానికి వైద్యుడే కానక్కరలేదు. 2010లో మొదలైన భారత ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమాన్ని గాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నిర్వహిస్తోంది. పనిదినాల్లో 1800 180 3024 టోల్‌ఫ్రీ నంబరుకు రోగి లేదా కుటుంబసభ్యులు నేరుగా ఫోన్ చేయవచ్చు. వినియోగదారుల కోసం రూపొందించిన నివేదిక పత్రం పది ప్రాంతీయ భాషల్లో ఉంది, వాటిలో తెలుగు ఒకటి. అనుమానిత మందు పేరుతోపాటు, అదే సమయంలో వాడిన ఇతర మందుల పేర్లు రాయడానికి అందులో చోటు ఉంది.